రికవరీ

సజా క్యాంపు, మూడో బ్లాకు, పదకొండో నంబరు రూము.
తెల్లారగట్ల మూడున్నరకు పోశెట్టి సీసా ఊపుతడు.
లోపలి స్ప్రింగు గోళీ గడగడ కొట్టుకుంటది,
ఆరు మంచాలు తిట్టుకుంట లేస్తయి.
ఈ నెలంతా ఎవనికీ అలారం అవసరం పడలే.

డబ్బా మీద కండలోడు ఒకడు. తలకాయ లేదు,
మెడ దాకనే అచ్చేసిండ్రు.
"గీ పనికి తలతోని ఏం పనిరా" అంటడు లింబాద్రి,
వంటోడు, ఎప్పుడూ ఏదో ఒకటి అంటనే ఉంటడు.
నూట ఇరవై దిర్హాములు, తలా ముప్పై:
నేను, పోశెట్టి, సిరిసిల్ల కనకయ్య, నేపాలీ తుల్‌బహాదుర్.
అరవై చెంచాలు. పూటకు సగం సగం.

ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్,
ఒక్క కడుపున పుట్టినోళ్ళ పేర్ల లెక్క.
పుచ్చకాయ రుచి అని రాసి ఉన్నది.
గోదారి ఇసుకల కాసిన పుచ్చకాయ తిన్నోన్ని నేను.
ఇది, పుచ్చకాయ గురించి ఎవలో ఫోన్ల చెప్పంగ
విన్నోడు చేసినట్టున్నది.

బిల్డింగు మీద మా జిమ్ము:
పెయింటు డబ్బాలల్ల సిమెంటు పోసి
నడుమ పైపు గుచ్చినం.
ఒక దిక్కు ఇరవై కిలోలు, ఇంకో దిక్కు ఇరవై రెండు కావచ్చు,
అందుకే పోశెట్టి ఎడమ చెయ్యి కొంచెం దొడ్డు.
దినమంతా మోసి, రాత్రి మళ్ళ ఈ బరువులెందుకే అన్న.
"అవి కంపెనీయి," అన్నడు, "ఇవి నాయి."

దుకాణంల షంనాద్, మలబారి పిల్లగాడు,
వచ్చీరాని హిందీల చెప్పిండు:
తొమ్మిది రకాలు ఒళ్ళు తనంతట తాను చేసుకోలేదట.
అవి లేకుంటె కండ లేదట.
"బయటినుంచే రావాలె."
ఆ మాటకు నలుగురం ఒకని మొఖం ఒకడు చూసుకున్నం.
అద్దం అవతల, దీపాలు పెట్టిన సగం టవర్లు.
ఎవలం ఏమనలే.
"పప్పుల లేవా, పల్లీలల్ల లేవా?" లింబాద్రి అడిగిండు.
"ఉన్నయి," అన్నడు షంనాద్, "కాని అవి నేనమ్మ."

ఫోకస్ అని గూడ రాసి ఉన్నది.
నాది టవర్ క్రేను, నలభై అంతస్తుల మీద ఒక అద్దాల డబ్బా.
మొదటి వారం కండ్లు మస్తు తేటగున్నయి.
కనకయ్య భూతద్దం తెచ్చి చిన్నక్షరాలు చదివితె
అండ్ల చాయపత్తి సత్తు గూడ ఉన్నదని తేలింది.

గా బేస్తారం నాడు
గాలి లేసింది, ఇసుక లేసింది, రేడియో గురగురమన్నది.
కొండికి రెండు టన్నుల ఇనుము, ఉయ్యాల లెక్క.
కింద ఇంత పొడుగు మనుషులు.
అప్పుడు నేను ఏం తాగి ఉన్ననో యాదికి లేదు.
చూసింది మాత్రం చెప్తా:
దుమ్ముల పైకి లేసిన ఒక పిడికిలి.
ఆగు అని.
ఎడమ చెయ్యి. కొంచెం దొడ్డుది.
ఆగిన.

రికవరీ అన్న మాటకే పోశెట్టి ఎప్పుడూ నవ్వుతడు.
వాళ్ళూర్ల రికవరీ అంటె
హెల్మెట్ తియ్యకుంట బండి మీద వస్తడు,
అరుగు మీద కూసుంటడు,
నీళ్ళియ్యమంటరా అంటె వద్దంటడు,
గంటసేపు గట్లనే చూస్తడు.
వీసా కోసం తెచ్చిన అప్పు, మూడేండ్ల కిస్తులు.

డబ్బా ఒడిసింది.
లింబాద్రి కడిగి కందిపప్పు పోసిండు.
ఎంత కడిగినా అడుగున వాసన పోలే,
మొన్నటి పప్పుచారు పుచ్చకాయ పుచ్చకాయ కొట్టింది.
నేపాలీ రెండోసారి అడిగి పోసుకున్నడు.

నిన్న రాత్రి పోశెట్టికి ఫోను.
ఆఖరి కిస్తు కాయితం తెచ్చిచ్చిండట బండాయన.
హెల్మెట్ తీసిండట.
మంచినీళ్ళు అడిగిండట.

"ఇచ్చినవా మరి?" అన్నడు పోశెట్టి ఫోన్ల.
ఏం జవాబొచ్చిందో మాకు చెప్పలే.
మూడున్నరకు లేసి
ఉత్త నీళ్ళే సీసల పోసి
గడగడ ఊపుతుండు.